పంటి పోటుకు లవంగ నూనె: కడపలో కొన్న చిన్న సీసా ఎంతవరకు పనికొస్తుంది

ముందే చెప్తున్నా, ఈ సీసాకు ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నా, అది కూడా ఒకే ఒక్క పనికి: శనివారం రాత్రి పన్ను పోటెత్తితే సోమవారం పొద్దున డాక్టరు కుర్చీలో కూర్చునేదాకా ఎట్లో ఒకట్ల నెట్టుకు రావడానికి. ఇంకే పనికీ దీన్ని కొనొద్దు. మా ఇంట్లో పంటి బాధ కొత్తేమీ కాదు, అమ్మకు వచ్చింది, చిన్నాయనకు వచ్చింది, ఇప్పుడు నాకు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చూడ్డానికి వచ్చినవాళ్లంతా తలా ఒక మందు చెప్తారు, వాటిలో సగం నోరు కాల్చేవే. ఏది పనిచేస్తుందో, ఏది చెయ్యదో, ఏది ప్రమాదమో ఒకచోట రాసి పెడితే రాత్రిపూట దవడ పట్టుకుని ఫోన్లో వెతుక్కునేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నా.

నాది కుడివైపు కింది దవడ పన్ను. మొదట చల్లనీళ్లకు జివ్వుమనేది, తర్వాత వేడి కాఫీకి కూడా, ఆ శనివారం సాయంత్రానికి ఏమీ తగలకుండానే సలపడం మొదలైంది. పంటి నొప్పి రాత్రే ఎందుకు ఎక్కువవుతుందని చాలామంది అడుగుతారు. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ పారుతుంది, పన్ను లోపలి మెత్తటి భాగం అప్పటికే వాచి ఉంటుంది, చుట్టూ గట్టి గోడలు ఉన్నాయి కాబట్టి ఆ వాపు సాగడానికి చోటు ఉండదు, దాంతో లోపలి నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. పగలైతే పనుల్లో పడి కొంత మరిచిపోతాం, రాత్రి ఆ పన్ను తప్ప ఇంకేమీ గుర్తుండదు. అందుకే రెండు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా పడుకోండి, లేదంటే ఈజీ ఛైర్లో వాలండి. పైసా ఖర్చు లేదు, నాకైతే తేడా బాగా తెలిసింది.

సీసా సంగతికి వస్తా. వైవీ స్ట్రీట్ వైపు మూలికలు, పూజా సామాన్లు అమ్మే పాత అంగడి ఒకటి ఇంకా తీసి ఉంటే తీసుకున్నా. అంగడాయన మంచి ప్రశ్న అడిగాడు: "పంటికా అన్నా, వాసనకా?" పంటికే అన్నా. అయితే ఇది తీసుకోండి అని ముదురు రంగు గాజుసీసా ఇచ్చాడు, పక్కనున్న పెద్ద సీసా ఇళ్లల్లో సువాసన కోసం దీపం మీద వేడిచేసే రకమట. ఇది చాలా ముఖ్యం. రెండింటి మీదా లవంగం బొమ్మే ఉంటుంది, రెండూ ఘాటుగానే ఉంటాయి, వాసన నూనెల్లో ఏమేం కలిపి ఉంటారో మనకు తెలియదు, అవి నోట్లో పెట్టుకునేవి కావు. లేబుల్ మీద అది నోటికి, పంటికి వాడేదని రాసి ఉందా, తయారైన తేదీ ఉందా, గడువు తేదీ ఉందా చూసి తీసుకోండి. ఖర్చు నూరు రూపాయల్లోపే అయింది. వాడేది చుక్కల్లెక్కన కాబట్టి చిన్న సీసా చాలు.

ఇది పనిచెయ్యడానికి కారణం యూజినాల్ అనే పదార్థం. లవంగ నూనెలో పెద్ద భాగం అదే. నరాన్ని కాసేపు మొద్దుబారేట్టు చేస్తుంది, సూక్ష్మజీవుల మీద కూడా కొంత ప్రభావం ఉంటుంది. డెంటల్ క్లినిక్కులోకి అడుగుపెట్టగానే ఒక రకం వాసన వస్తుంది చూడండి, దాంట్లో ఎక్కువ పాలు దీనిదే, ఎందుకంటే జింక్ ఆక్సైడ్ పొడిలో యూజినాల్ కలిపి తాత్కాలిక ఫిల్లింగులు వెయ్యడం దంతవైద్యంలో ఎప్పటినుంచో ఉంది. కాబట్టి ఇది వట్టి వంటింటి నమ్మకం అనుకునేవాళ్లు ఆ మాట మార్చుకోవచ్చు. కువైట్‌కు పనికి పోయినవాళ్లు మన జిల్లాలో ఊరికి పదిమంది ఉంటారు, ఆ కువైట్‌లోనే విశ్వవిద్యాలయం దంతవైద్య విభాగం వాళ్లు దీని మీద ఒక పరీక్ష చేసి 2006లో ప్రచురించారు. 73 మంది పెద్దవాళ్లకు చిగురు మీద కొందరికి లవంగాలతో చేసిన జెల్, కొందరికి పైపైన మొద్దుబార్చడానికి వాడే 20 శాతం బెంజోకైన్ జెల్, మిగిలినవాళ్లకు మందు లేని ఉత్త జెల్ రాసి, ఐదు నిమిషాలాగి సూదితో గుచ్చి నొప్పి ఎంత అని అడిగారు. లవంగం రాసినవాళ్లకూ, బెంజోకైన్ రాసినవాళ్లకూ ఉత్త జెల్ వాళ్లకంటే నొప్పి తక్కువ ఉంది, ఆ రెండు మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే అది సూదిపోటు, పైపై నొప్పి. పిప్పి లోతుకు దిగి లోపలి నరం వాచినప్పటి నొప్పి వేరు, దానికి కూడా ఇదే ఫలితం వస్తుందని ఆ పరీక్ష చెప్పలేదు, నేనూ చెప్పను.

వాడే పద్ధతి వివరంగా చెప్తా, ఎందుకంటే ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే. ముందు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి బాగా పుక్కిలించి ఉమ్మెయ్యాలి, పంటి సందులో ఇరుక్కున్నదాన్ని మెల్లగా తియ్యాలి. తర్వాత రెండు చుక్కల లవంగ నూనెను పావు చెంచా వంటనూనెలో కలపండి, మా ఇంట్లో వేరుశనగ నూనె ఉంటుంది, అదే వాడాం. చిన్న దూదిపింజను, అంటే నిజంగా చిన్నది, పెసరగింజంత, దాంట్లో ముంచి, పిండి, అద్దం ముందు నిలబడి సరిగ్గా పిప్పి గుంట మీద పెట్టాలి. చిగురు మీద, నాలుక మీద, బుగ్గ లోపల పడకూడదు. మొదట చురుక్కుమంటుంది, నోట్లో నీళ్లు ఊరతాయి, వాటిని మింగకుండా ఉమ్మెయ్యండి. కొన్ని నిమిషాలకు ఆ చోటు మొద్దుబారినట్టు అవుతుంది. కాసేపాగి దూది తీసేసి మళ్లీ పుక్కిలించండి. దూది పెట్టుకుని నిద్రపోవద్దు, నిద్రలో గొంతులోకి పోతే పంటి నొప్పిని మించిన కష్టం వస్తుంది.

నాకు ఎంతసేపు పనిచేసిందంటే, గట్టిగా చెప్పాలంటే గంట కూడా కాదు. ఆ గంటలో సలుపు పూర్తిగా పోలేదు కానీ, పళ్లు బిగబట్టుకుని అటూ ఇటూ తిరగడం మానేసి కూర్చుని రెండు ముద్దల పెరుగన్నం తినగలిగా, మాత్ర వేసుకోవాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలి కదా. నా దృష్టిలో ఈ నూనె అసలు విలువ అదే. మాత్ర పని మొదలుపెట్టేదాకా చెయ్యి పట్టుకుంటుంది.

ఎవరికి పనిచెయ్యదో కూడా చెప్పాలి. పిప్పి బయటికి తెరుచుకుని ఉంటేనే నూనె లోపలికి చేరుతుంది. పైన క్యాప్ వేసిన పన్ను లోపల నొప్పి పుడితే, వేరు కొన దగ్గర చీము పట్టి పన్ను పైకి లేచినట్టు, కొరికితే ప్రాణం పోయినట్టు ఉంటే, పైన ఎంత రాసినా అక్కడికి పోదు. మా చిన్నాయనకు అదే జరిగింది, ఆయనది ఎప్పుడో రూట్ కెనాల్ చేసి, అంటే లోపలి నరం తీసి శుభ్రం చేసి, క్యాప్ వేసిన పన్ను, నూనె రాసి రాసి చిగురు తెల్లగా పొక్కింది తప్ప నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదు. జ్ఞానదంతం చుట్టూ చిగురు వాచినప్పుడు కూడా ఇంతే, దానికి ఉప్పునీళ్లతో మాటిమాటికీ పుక్కిలించడమే మేలు, నూనె ఆ వాచిన చిగురును ఇంకా మండిస్తుంది.

చిన్నపిల్లలకు ఈ సీసా ముట్టనివ్వొద్దు. ఇది నేను చాలా గట్టిగా చెప్తున్నా. లవంగ నూనె కొద్దిగా మింగినా చిన్నపిల్లల్లో లివర్ దెబ్బతినడం, ఫిట్స్ రావడం, స్పృహ తప్పడం లాంటివి వైద్యులు నమోదు చేసిన సంగతులే. పళ్లు వచ్చే పసిపిల్లల చిగుళ్లకు రాయమని కొందరు పెద్దవాళ్లు చెప్తారు, దయచేసి వినొద్దు. అలాగే మెడికల్ షాపులో దొరికే బెంజోకైన్ జెల్లు రెండేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది, రక్తం ఆక్సిజన్ మొయ్యలేని స్థితి వచ్చే ప్రమాదం ఉందని. పిల్లలకు పంటి నొప్పి వస్తే బరువును బట్టి పారాసిటమాల్ సిరప్, బుగ్గ మీద చల్లని గుడ్డ, పొద్దున్నే డాక్టరు. గర్భిణులు కూడా సొంతంగా ఏదీ మొదలుపెట్టకుండా తమ డాక్టరుకు ఫోన్ చేసి అడగడం మంచిది.

నూనె కొనాల్సిన పనేముంది, ఇంట్లో లవంగాలు లేవా అని మా జేజి అంటుంది. నిజమే, ఆ రాత్రి అంగళ్లన్నీ మూసేసి ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. జేజి పద్ధతి ప్రకారం లవంగాన్ని కొంచెం నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక ఆ పంటి పక్కన పెట్టుకుని మెల్లగా అదమాలి, నమలకూడదు. పిప్పి పన్నుతో గట్టి లవంగం కొరికితే ఉన్న పన్ను చీలుతుంది. నూనెతో పోలిస్తే ఘాటు తక్కువ, చిగురు కాలే భయం తక్కువ, ఫలితం కూడా కొంచెం తక్కువే. ఇంకో చిక్కు ఏమిటంటే అంగట్లో దొరికే లవంగాల్లో నూనె ముందే తీసేసినవి కలుస్తుంటాయి. ఒక గ్లాసు నీళ్లలో నాలుగు వేసి చూడండి, మంచివి అడుక్కు దిగుతాయి, నూనె తీసేసినవి పైన తేలుతాయి, ఇది ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ వాళ్లు చెప్పిన పరీక్షే. తేలేవి పంటికి పెట్టుకుని లాభం లేదు.

ఇప్పుడు మాత్రలు. నూనె గురించి రాస్తూ ఇది ఎందుకంటే, ఆ రెండు రాత్రులూ నన్ను నిద్రపోనిచ్చింది నిజానికి మాత్రే, నూనె కాదు, ఈ మాట దాచి నూనెకు స్టార్లు ఇస్తే చదివేవాళ్లను మోసం చేసినట్టే. పంటి నొప్పికి మూలం వాపు కాబట్టి వాపు తగ్గించే ఇబుప్రోఫెన్, దాంతోపాటు పారాసిటమాల్, ఈ రెండూ కలిస్తే విడివిడిగా కంటే బాగా పనిచేస్తాయి. పెద్దవాళ్లకు ఇబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు ఏదైనా తిన్న తర్వాత, ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడంతో, డాక్టరు చెప్పకుండా రోజుకు 1200 దాటకూడదు. పారాసిటమాల్ 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు, మందు తాగే అలవాటు గానీ లివర్ జబ్బు గానీ ఉంటే ఆ హద్దు ఇంకా తక్కువ.

ఇక్కడ ఒక పొరపాటు చాలా ఇళ్లల్లో జరుగుతుంది. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రోఫెన్ 400, పారాసిటమాల్ 325 రెండూ కలిసే ఉంటాయి, డోలో 650లో ఉన్నది కూడా పారాసిటమాలే. పేర్లు వేరు కదా అని ఇది ఒకటి, అది ఒకటి, జలుబు మాత్ర ఇంకొకటి వేసుకుంటూ పోతే పారాసిటమాల్ లెక్క తెలియకుండానే పెరిగిపోతుంది. అట్టల వెనక చిన్న అక్షరాల్లో ఏముందో కళ్లజోడు పెట్టుకునైనా చదవండి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, డెంగీ అని అనుమానం ఉన్న జ్వరంతో ఉన్నవాళ్లు ఇబుప్రోఫెన్ జోలికి పోవద్దు, పారాసిటమాల్ ఒక్కటే వాడి డాక్టరును అడగండి. మా అమ్మకు బీపీ మాత్రలు, కిడ్నీ మీద ఒక కన్నేసి ఉంచాలని డాక్టరు చెప్పిన మాట ఉన్నాయి కాబట్టి ఆమె పంటికి పారాసిటమాల్, ఉప్పునీళ్లు, లవంగ నూనె, ఈ మూడింటితోనే నెట్టుకొచ్చాం, అలాంటివాళ్లకు ఈ సీసా విలువ ఇంకా ఎక్కువ.

నాకు బాగా కోపం వచ్చిన విషయం ఒకటి చెప్పాలి. మాత్రల కోసం ఒక మెడికల్ షాపుకు పోతే, పేరు చెప్పను, పంటి నొప్పి అన్న మాట నోట్లోంచి వచ్చీ రాకముందే మూడు రకాల మాత్రలు అట్టల్లోంచి కత్తిరించి చిన్న కవర్లో వేసి చేతిలో పెట్టారు. ఏం జబ్బులున్నాయి, ఇంకేం మందులు వాడుతున్నావు, ఏదైనా పడదా, ఒక్క ప్రశ్న లేదు. అందులో ఒకటి యాంటీబయాటిక్. కత్తిరించిన ముక్క మీద పేరు సగమే ఉంది, గడువు తేదీ లేనే లేదు. పన్ను లోపలి నరం వాచి వచ్చే నొప్పికి యాంటీబయాటిక్ ఉపయోగపడదు, అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పెద్దవాళ్ల పంటి నొప్పుల్లో ఎక్కువవాటికి యాంటీబయాటిక్ అవసరం లేదని, పన్నుకు చికిత్స చెయ్యడమే దారి అని ఉంది. జ్వరం, ముఖం వాపు లాంటివి ఉంటే అప్పుడు కావాలి, అది కూడా ఏది, ఎన్ని రోజులు అనేది డాక్టరు తేల్చాలి. ఆ కవరు అక్కడే వెనక్కి ఇచ్చేసి, పేరు చెప్పి, పూర్తి అట్ట అడిగి తీసుకున్నా. మీరూ అడగండి, మొహమాటం వద్దు.

పంటి జెల్లు కూడా వాడి చూశాం కాబట్టి ఒక మాట. మెడికల్ షాపుల్లో ఇచ్చేవాటిలో కొన్నింటిలో లిగ్నోకైన్, కొలీన్ సాలిసిలేట్ ఉంటాయి, అవి నోటి పూతకు, చిగురు మంటకు బాగుంటాయి. పిప్పి పన్నుకు అయితే ఉమ్మితో కలిసి జారిపోతాయి, నాలుక కొన మొద్దుబారుతుంది, పన్ను మాత్రం అట్లనే సలుపుతుంది. రెండు స్టార్లు.

చల్లని కాపడానికి మాత్రం ఐదు స్టార్లు ఇవ్వొచ్చు. ఐసు ముక్కలను పలచటి తువ్వాలులో చుట్టి బుగ్గ బయట పది పదిహేను నిమిషాలు పెట్టి, అంతే సేపు తీసేసి, మళ్లీ పెట్టుకోవాలి. పంటి మీద నేరుగా ఐసు పెడితే ప్రాణం జివ్వుమంటుంది, అట్లా చెయ్యొద్దు. మనవాళ్లు వేడి కాపడం పెడతారు, ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి మరీ పెట్టినవాళ్లను చూశా. లోపల చీము ఉంటే వేడి వాపును పెంచుతుంది, కాబట్టి వేడి వద్దు.

ఇంకొకటి, చాలా తేలికది, చాలామంది మరిచిపోయేది. ఆదివారం నాటుకోడి పులుసు, సంగటి తిన్నాక పుట్టే పంటి నొప్పిలో కొన్నిసార్లు పిప్పి కథే ఉండదు, కోడికూర పోగు రెండు పళ్ల మధ్య దిగి చిగురును నొక్కుతూ ఉంటుంది. చెనిక్కాయ పొట్టు, జామగింజ కూడా అంతే. పిన్నీసుతో, అగ్గిపుల్లతో కెలకొద్దు, చిగురు చీరుకుపోతుంది. మెడికల్ షాపులో డెంటల్ ఫ్లాస్ అని దారం దొరుకుతుంది, దాన్ని పళ్ల మధ్య దించి ఒక పక్కకు లాగితే వచ్చేస్తుంది, వచ్చాక కాసేపటికే నొప్పి సర్దుకుంటే మీ అదృష్టం. నూనెకంటే ముందు ఇది చేసి చూడండి. ఆ రోజుల్లో కారం దోసె, మరీ వేడి కాఫీ, ఐస్‌క్రీం, జిలేబీ లాంటివి మానేసి, చల్లారిన పప్పన్నం, మజ్జిగన్నం రెండో పక్కన నమలండి.

చెయ్యకూడనివాటి గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే ఇవి ఈరోజుకూ మన ఊళ్లల్లో జరుగుతున్నాయి. పిప్పిలో జిల్లేడు పాలు పోస్తే నొప్పి పోతుందంటారు. ఆ పాలు చర్మాన్నే పొక్కిస్తాయి, నోట్లో ఏం చేస్తాయో ఊహించుకోండి, పొరపాటున చెయ్యి కంటికి తగిలితే చూపుకే ప్రమాదం. నశ్యం, పొగాకు ముద్ద దవడ కింద పెట్టుకోవడం నొప్పితో మొదలై అలవాటుగా నిలిచిపోతుంది, నోటి క్యాన్సర్‌కు పొగాకు ముఖ్య కారణమని కొత్తగా చెప్పక్కర్లేదు. ఆస్పిరిన్ మాత్ర నలిపి పంటి మీద పెట్టడం ఇంకోటి, అది ఆమ్లం, చిగురు తెల్లగా కాలిపోతుంది, మాత్ర మింగితేనే పనిచేస్తుంది. సారా పుక్కిట పట్టడం, కర్పూరం పెట్టడం కూడా మానండి. సంతల్లో, బస్టాండ్ల దగ్గర పంటి పురుగులు తీస్తామని కూర్చునేవాళ్లు ఉంటారు, గొట్టంతో పొగ పెట్టి, చెవిలోంచో పంటిలోంచో తీసినట్టు తెల్లటి పురుగులు గిన్నెలో చూపిస్తారు. పిప్పిలో పురుగులు ఉండవు. మనం తిన్న తీపిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చి పన్నును కరిగిస్తాయి, అవి కంటికి కనపడవు, ఏ పొగకూ గిన్నెలోకి రాలిపడవు. చూపించే పురుగులు వాళ్లు తెచ్చుకున్నవే.

కింద చెప్పేవాటిలో ఏది ఉన్నా నూనె, ఐసు అన్నీ పక్కన పెట్టి, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి పోవాలి. బుగ్గ, దవడ కింద, కంటి కింద వాపు పెరుగుతూ పోవడం, చలి జ్వరం, నోరు తెరవలేకపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, నాలుక పైకి ఎత్తినట్టు అయి మాట మారడం, ఊపిరి ఆడకపోవడం. పంటి చీము దవడ కింది నుంచి మెడలోకి పాకితే గొంతు మూసుకుపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది, 108కి ఫోన్ చెయ్యండి. ఇంకొకటి, యాభై దాటినవాళ్లకు, షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఏ పన్నో తేల్చి చెప్పలేని దవడ నొప్పి, నడిస్తే ఎక్కువై కూర్చుంటే తగ్గడం, దాంతోపాటు ఛాతీ పట్టేసినట్టు ఉండటం, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండె నుంచి వచ్చే నొప్పి కావచ్చు, ఆ మనిషికి లవంగం నమలమని చెప్తూ కూర్చోవద్దు.

నేను సోమవారం పొద్దున్నే కడప ప్రభుత్వ పెద్దాసుపత్రి రిమ్స్‌లో ఉన్న ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రికి పోయా. కడప పట్టణంలో ప్రైవేటు క్లినిక్కులు కోటిరెడ్డి సర్కిల్ చుట్టుపక్కల, ఏడురోడ్ల వైపు చాలానే ఉన్నాయి, డబ్బు వెసులుబాటు ఉంటే అక్కడ తొందరగా అయిపోతుంది. కానీ కళాశాల ఆసుపత్రిలో అన్ని విభాగాలూ ఒకేచోట ఉంటాయి, నేర్చుకునే పిల్లలు చేస్తున్నా పక్కన సీనియర్ డాక్టర్లు చూస్తుంటారు, ఖర్చు భయంతో పన్నును వదిలేసేవాళ్లకు ఈ దారి ఉందని తెలియాలి. ఓపీకి తొందరగా పోండి, ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి, మీరు వేసుకున్న మాత్రల అట్టలు జేబులో పెట్టుకుని పోండి, నూనె రాసిన సంగతి కూడా చెప్పండి. అక్కడ ఎక్స్‌రే తీసి, పంటి మీద మెల్లగా కొట్టి చూసి, చల్లదనం తగిలించి చూసి, పిప్పి నరం దాకా పోయింది, రూట్ కెనాల్ చెయ్యాలి అన్నారు. నేను లవంగ నూనె గురించి అడిగితే ఆ డాక్టరమ్మ కోప్పడలేదు, ఒక రాత్రికి ఫర్వాలేదు, వారాలు వాడితేనే మా దగ్గరికి వచ్చేసరికి చిగురు, పన్ను రెండూ పాడవుతాయి అంది. ఇంకో మాట కూడా చెప్పింది, అది నాకు బాగా నాటుకుంది: బాగా సలిపిన పన్ను ఉన్నట్టుండి ఒకరోజు నొప్పి ఆపేస్తే నయమైందని చాలామంది రావడం మానేస్తారట. లోపలి నరం చచ్చిపోతే కూడా నొప్పి ఆగుతుంది, సూక్ష్మజీవులు మాత్రం వేరు కొనదాకా పోయి కొన్నాళ్లకు చీముగా తేలతాయి.

ఒక స్టారు ఎందుకు తగ్గించానో చెప్పి ముగిస్తా. సీసాకు చుక్క చుక్కగా పడే మూత లేదు, వంచితే బుళుక్కున పడుతుంది, నొప్పితో చేతులు వణికే మనిషికి అది పెద్ద ఇబ్బంది, ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డ్రాపర్ వాడదామంటే ఈ నూనె కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది కాబట్టి గాజు డ్రాపరే కావాలి. అంతకంటే పెద్ద లోపం లేబుల్‌ది. వంటనూనెలో కలిపి వాడమని గానీ, మింగొద్దని గానీ, పిల్లలకు దూరంగా ఉంచమని గానీ ఒక్క ముక్క తెలుగులో లేదు, ఉన్న రెండు ఇంగ్లీషు వాక్యాలు భూతద్దం పెడితే తప్ప కనపడవు. మా జేజి లాంటివాళ్లు కొనుక్కునే వస్తువు ఇది, తయారుచేసేవాళ్లు ఆ మూడు మాటలూ పెద్ద అక్షరాల్లో తెలుగులో వెయ్యాలి. అప్పటిదాకా నేను చేసింది మీరూ చెయ్యండి: సీసా మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, "పంటికి మాత్రమే, రెండు చుక్కలు నూనెలో కలిపి, పిల్లలకు వద్దు" అని పెన్నుతో రాసి, మందుల డబ్బాలో పై అరలో పెట్టండి.